కుందేలు వెనక చక్రం

చదువు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలిసిన విషయాలకంటే, నాకు తెలుసని జనం అనుకునే విషయాలే నాకు ఎక్కువ ముద్దుగా ఉండేవి. మెకానికల్ ఇంజనీరింగ్ ఎలాగో గట్టెక్కి రాజమండ్రిలో ఒక కార్ల షోరూములో చేరాను. సర్వీసుకి వచ్చిన బండి నంబరూ, దానికున్న జబ్బులూ కంప్యూటర్లో కొట్టడం నా పని. (చేరినప్పటినుంచీ నా చేతికి గ్రీజు అంటిన పాపాన పోలేదు.) కానీ మా అమ్మ చర్చిలో కనబడిన ప్రతివారికీ మావాడు కార్ల ఇంజనీరండి అని చెప్పుకునేది. నేను పక్కనే నిలబడి వినయంగా నేల చూసేవాణ్ణి తప్ప, కాదని ఒక్కసారీ అనలేదు.

మండపేటలో రైసు మిల్లు నడిపే మా మావయ్యకి ఒక స్పోర్ట్స్ కారు ఉండేది. కోయంబత్తూరులో రేసుల పిచ్చి ఉన్న ఒకాయన సొంతంగా కట్టించుకున్న బండి అది. ఫైబరు ఒళ్ళు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎర్రగా, నేలకి అతుక్కుని ఉండేది. బరువు లేదు కాబట్టి కాస్త తొక్కితే చాలు, గెంతినట్టు పోయేది. అందుకే ఇంట్లో అందరం దాన్ని కుందేలు అనేవాళ్ళం. తన కొడుకు, అంటే మా బావ, పెళ్ళికి చర్చికి ఆ కుందేలు మీదే వెళ్ళాలని మావయ్య కోరిక. తీరా పెళ్ళి దగ్గర పడ్డాక, క్లచ్ వదిలినప్పుడల్లా వెనక ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు మొదలైంది.

"పెళ్ళి పనుల్లో మెకానిక్కుల చుట్టూ ఎక్కడ తిరగను అల్లుడూ? ఇంట్లో ఇంజనీరుని పెట్టుకుని" అన్నాడు మావయ్య.

"ఎంత పనండి మావయ్యా, నేను చూస్తాను కదా" అన్నాను.

పెళ్ళికి ముందు రోజు పొద్దున్నే మిల్లు ఆవరణలో చక్రం ఊడదీశాను. చుట్టూ చుట్టాలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. జబ్బు నిజంగానే చిన్నది. చక్రాన్ని తిప్పే ఇరుసు, అదే యాక్సిల్, కొస సన్నగా చెక్కి ఉంటుంది, దాని మీద చక్రాన్ని పట్టుకునే హబ్ టోపీలా బిగిసి కూర్చోవాలి. రెండూ కలిసి తిరగడానికి మధ్యలో కీ అనే చిన్న ఇనుప ముక్క, బయటినుంచి ఒక పెద్ద నట్టు ఉంటాయి. ఆ నట్టు వదులై హబ్ ఆడుతోంది, అంతే. పానాకి పైపు తగిలించి, వేలాడి మరీ బిగించాను. ఇక నట్టు గాడిలోంచి, యాక్సిల్‌కి ఉన్న రంధ్రంలోకి నట్టు వదులవకుండా ఆపే స్ప్లిట్ పిన్ను దూర్చాలి. గాడి, రంధ్రం కాస్తలో కుదరలేదు. అలాంటప్పుడు ఇంకొంచెం బిగించి కుదర్చాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. నాకు తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ చేతులు లాగేస్తున్నాయి, ఆవరణలోనే ఉన్న ఇంట్లోంచి అత్తయ్య "రొయ్యల వేపుడు చల్లారిపోతోందిరా" అని పిలుస్తోంది. నట్టుని కొద్దిగా వెనక్కి తిప్పాను. పిన్ను సుఖంగా దిగింది. ఆవరణలో ఒక చుట్టు తిప్పితే చప్పుడు లేదు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. నేను బానెట్ మీద చెయ్యి వేసి ఫోటో కూడా దిగాను.

మర్నాడు ముందు బ్యాండుమేళం, వెనక కుందేలు, ఆ వెనక వ్యాన్లలో మేము. కోటు తొడుక్కున్న బావ పక్కన మావయ్యే నడుపుతున్నాడు. కాలవ వంతెన ఎక్కేచోట లోపలెక్కడో పటుక్కుమంది. ఇంజను గర్జిస్తోంది, బండి మాత్రం కదలదు. హబ్ వదులై, భారమంతా మీద పడిన కీ తెగిపోయి యాక్సిల్ ఒంటరిగా తిరుగుతోందని వ్యానులో ఉన్న నాకు అర్థమైపోయింది. ఆ గర్జన కొత్త తాళమనుకున్నారో ఏమో, బ్యాండువాళ్ళు వెనక్కి చూడకుండా సాగిపోయారు. (వాళ్ళు చర్చి గుమ్మం చేరి, ఆడపెళ్ళివారంతా లేచి నిలబడితే, పెళ్ళికొడుకొక్కడే లేడట.)

"తేలికైన బండే కదండి, నలుగురం మోసుకుపోదాం" అన్నారెవరో.

"పెళ్ళికొడుకుని నలుగురు మోయడమేంటిరా" అని అమ్మమ్మ వ్యానులోంచి కసిరింది. దాంతో తోసుకుంటూ పోయాం. అందరికంటే గట్టిగా తోసింది నేనే. నా కొత్త చొక్కా మీద ఆరోజు గ్రీజు బాగానే అంటింది.

చర్చి గేటు దగ్గర అందరూ మావయ్య మీద పడ్డారు. పాత బండి మీద మోజేంటండి, పెళ్ళిలో ఈ నవ్వులపాటేంటండి అని. మావయ్య తల వంచుకుని వింటున్నాడు. నేను జనాన్ని తప్పించుకుని ఆయన పక్కకి వెళ్ళాను.

"తప్పు మావయ్యది కాదండి. నట్టు సరిగ్గా బిగించనిది నేను" అన్నాను.

పెళ్ళికూతురి పెదనాన్న, రిటైరైన హెడ్మాస్టరు గారు, నా భుజం మీద చెయ్యి వేశారు. "చూశారా, మేనమామ మాట పడకూడదని తన మీద వేసుకుంటున్నాడు."

"కాదండి, నిజంగా నేనేనండి. గాడి కుదరక వెనక్కి తిప్పాను."

"ఎంత వివరంగా కల్పిస్తున్నాడో" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఎంత ఒప్పుకుంటే నా విలువ అంత పెరిగిపోయింది. పాస్టరు గారు పెళ్ళి ప్రసంగంలో ఇతరుల భారం మోయడం గురించి చెబుతూ, పేరెత్తకుండా నా వైపు చెయ్యి చూపించారు. చర్చి అంతా వెనక్కి తిరిగి చూసింది. మా అమ్మ ముఖం వెలిగిపోతోంది. నేను బెంచీ కింద దూరడానికి చోటుందా అని చూస్తున్నాను. మావయ్య మాత్రం వెనక్కి తిరగలేదు.

పెళ్ళి సందడి సద్దుమణిగాక ఇద్దరమే హబ్ విప్పాం. నట్టు మావయ్య వేళ్ళతోనే తిరిగింది. ఆయన తెగిన కీ ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పాస్టరు గారికి చూపిద్దామంటావా అల్లుడూ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన నవ్వాడు. "నువ్వు నిజం చెప్పావు కదరా. వాళ్ళు నమ్మకపోతే నువ్వేం చేస్తావు? పానా అందుకో."

మిల్లులోనే లేతు మిషను మీద కొత్త కీ చేయించాం. యాక్సిల్ కొస శుభ్రంగా తుడిచి హబ్ ఎక్కించి, నేను బిగిస్తుంటే మావయ్య చక్రం పట్టుకున్నాడు. ఈసారి కూడా గాడి కుదరలేదు. నేను మాత్రం ఆగలేదు. పళ్ళు బిగబట్టి ముందుకే లాగాను, రంధ్రం కనిపించేదాకా.

ఆ సాయంత్రం కాలవ గట్టు మీద చాలా దూరం వెళ్ళాం. నేను తల బయటపెట్టి చక్రం వంకే చెవి ఒగ్గి కూర్చున్నాను.

"ఏంటిరా, మాట్లాడవు?"

"వింటున్నాను మావయ్యా."

"ఏం వినపడుతోంది?"

"ఏమీ లేదండి."

"మరి తిన్నగా కూర్చో, మెడ పట్టేస్తుంది."

అయినా నేను తిన్నగా కూర్చోలేదు. ఇప్పుడు నా కింద పనిచేసే ఇంజనీర్లున్నారు, నన్ను సార్ అంటారు. ఎవరైనా మరీ గౌరవంగా అంటే మాత్రం ఆ కుర్రాడు గుర్తొస్తాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడి, కదిలే కారులోంచి సగం బయటికి వంగి, తను చేసిన పని చప్పుడు చేయకుండా ఉందా లేదా అని వింటూ. వాడిని చూస్తే ఇంకా సిగ్గేస్తుంది. కానీ ఆ ఒక్క సాయంత్రం మటుకు వాడు నిజంగా ఇంజనీరే అనిపించి, కాస్త నవ్వొస్తుంది.