స్టాప్‌వాచ్ అక్కయ్య

మా అక్కయ్యకు "బాగుంది" అన్న మాట గిట్టదు. ఎవరైనా అన్నారా, "ఎంత బాగుంది? దేంతో పోలిస్తే?" అంటూ మెడలోని స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకుంటుంది.

తోడబుట్టిన అక్క కాదు. ఆసుపత్రిలో మా ఆక్యుపేషనల్ థెరపీ విభాగానికి పెద్ద. చెయ్యి పడిపోయినవాళ్ళకు గుండీలు పెట్టుకోవడం, జడ వేసుకోవడం మళ్ళీ నేర్పడం మా పని. నేర్పినదంతా పూసగుచ్చినట్టు రాయడం ఆవిడ పిచ్చి. కాఫీ ఎలా ఉందని అడిగితే "నాలుగు నిమిషాలు ఊదాను" అంటుంది. ఓసారి భర్త కూర బాగుందన్నాడట. మారు ఎన్నిసార్లు వడ్డించుకున్నాడో చెప్పమంది. అప్పటినుంచి ఆయన నోరెత్తకుండా తిని ఖాళీ గిన్నె చూపిస్తాడు.

సేవాభావం, అంకితభావం అంటూ సన్మానపత్రాల్లో రాసే మాటలు ఇక్కడ అతకవు. అది శుద్ధ చాదస్తమని, కొత్తగా చేరిన నేను తేల్చేశాను.

ఆవిడ సెలవు పెట్టిన వారం ఒక దర్జీని నాకు అప్పగించింది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మళ్ళీ కత్తెర పట్టాలని ఆయన ఆశ. ఆవిడ పేజీ నింపే చోట నేను ఒక్క ముక్క రాసి ఇంటికి పోయాను: "మెరుగ్గా ఉంది."

పది రోజులకు, ఎవరికి ఎన్నాళ్ళు చికిత్సో తేల్చే కమిటీ నుంచి కాగితం వచ్చింది. మెరుగ్గా ఉంది కనుక ఇక ఆపేయవచ్చట. దర్జీ దాన్ని ఎడమచేత్తో మడిచి జేబులో పెట్టుకుంటుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కయ్య నన్ను వెంటేసుకుని కమిటీ అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆ ముక్క రాసిందెవరని ఆయన అడిగాడు.

"మా విభాగమండీ. పొరపాటు నాది," అంది. తరవాత, సెలవు నుంచి వచ్చాక దర్జీని చూసి తను నింపిన పేజీ తీసి చదివింది. చొక్కాకు ఆరు గుండీలు, పదకొండు నిమిషాలు. మూడోది, కాలరు సర్దుతున్నట్టు నటిస్తూ భార్య పెట్టింది. కత్తెర మూడుసార్లు జారింది.

పదకొండు నిమిషాలంటే మరీ ఎక్కువేం కాదన్నాడు అధికారి.

అక్కయ్య సంచిలోంచి మందపాటి గ్లవ్ ఒకటి తీసింది. "ఇది తొడుక్కుని ఒంటిచేత్తో మీ గుండీలు విప్పి పెట్టుకోండి సార్. నేను టైము చూస్తాను."

నాలుగో నిమిషంలో ఆయన రెండో గుండీ తెగి బల్లకింద పడింది. ఆయన తలెత్తకుండానే అడిగాడు: "ఎన్ని వారాలు కావాలమ్మా?"

పన్నెండు ఇచ్చాడు. పన్నెండో వారం అధికారి, గుండీ తెగిన ఆ చొక్కా పట్టుకుని తనే వచ్చాడు. దర్జీ కుడిచేత్తో గుండీ కుట్టాడు. ఆరు నిమిషాల పది సెకన్లు. భార్య మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేక నానా అవస్థా పడింది.

ఇంతకీ కమిటీ నుంచి తిరిగొస్తూ బస్సులో నేను కిటికీలోంచి చూసి చూసి, చివరికి తప్పు నాదేనన్నాను. అక్కయ్య పుస్తకం తీసి ఏదో రాసుకుంది. నేను తొంగిచూశాను.

"కొత్తమ్మాయి. తప్పు ఒప్పుకుంది. ఏడు స్టాపులు పట్టింది. ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది."