మౌనవ్రతం చాటున దాచిన గొంతు

కార్తీకమాసంలో నేను మౌనవ్రతం పట్టానని మా తెనాలి భజన బృందమంతా నమ్మింది. నిజానికి గొంతు బొంగురుపోయింది. ఏళ్ల తరబడి అందరికన్నా ముందు పాట ఎత్తుకునేవాణ్ణి, ఆ గొంతుతో వాళ్ల ముందు కూర్చోవాలంటే నామోషీ. నెల గడిచింది, వ్రతం ముగిసింది, గొంతు మాత్రం రాలేదు. మా ఆవిడ రాజ్యం సంగతి కనిపెట్టి నన్ను హైదరాబాద్ లాక్కెళ్లింది. అక్కడ గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం తెలుసుకోవడానికే ఈ రెండో ప్రయాణం.

ఉదయం ఆరున్నరకు సికింద్రాబాద్‌లో దిగాం. సిటీబస్సు ఎక్కి ఎనిమిదింటికల్లా అమీర్‌పేట చేరాం. మైత్రీవనం వెనక సందులో, కంప్యూటర్ కోర్సుల పిల్లల మధ్య నిలబడి రాజ్యం ఇడ్లీ తింది. నాకు మింగుడు పడలేదు.

డాక్టరుగారు పంజాగుట్టలో పదిన్నరకు రమ్మన్నారు. పదింటికి ఆటో ఎక్కితే చౌరస్తాకు ముందే బండ్లన్నీ ఆగిపోయాయి. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

"ఫికర్ జేయకున్రి సార్, గీ సిగ్నల్ దాటితే అయిపాయె" అన్నాడు ఆటో అతను. నేను పలకలేదు. "సారుకు గుస్సా వచ్చిందా అమ్మా?"

"కోపం కాదు నాయనా, గొంతు బాగాలేదు" అంది రాజ్యం.

ఆసుపత్రిలో మా పక్కన బోరబండ నుంచి వచ్చిన ఒకామె చంటిపాపతో కూర్చుంది. "మాటలు సుత రాలే, జోల పాడితే నాతోని రాగం తీస్తది" అంది మురిసిపోతూ. పాప "ఊ ఊ" అంటూనే ఉంది. నేనూ అలాగే మొదలుపెట్టి ఉంటాను. ఎక్కడ ఆపాలో ఇంకాసేపట్లో చెబుతారు.

"క్యాన్సరేనండి" అన్నారు డాక్టరుగారు. "సోమవారం ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఢోకా లేదు. మాట బొంగురుగా వస్తుంది."

"పాట?"

"పాట రాదండి."

"నెల ముందొచ్చి ఉంటే?" అంది రాజ్యం.

"కొంత మిగిలేదేమోనమ్మా."

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే వ్రతాలు పట్టకండి, బండెక్కండి.

మధ్యాహ్నం రెండింటి రైలుకు తిరుగు ప్రయాణం. బీబీనగర్ దాటాక రాజ్యం నెమ్మదిగా ఒక భజన ఎత్తుకుంది. మొదటి చరణం పాడి, ఆగి, నా వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా నేను పాడింది నా వెనక తిరిగి పాడిన మనిషి. ఎదురుసీటాయన పేపరు దించి చూశాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఉన్న గొంతుతోనే ఆ చరణం తిరిగి అన్నాను.

ఆవిడ రెండోది అందుకుంది.