బానెట్ ఎత్తకముందు

మా ఉస్తాద్ మొన్న బుధవారం పోయారు. ఈ గల్ఫ్ దేశంలో, సనాబిస్‌లోని ఒక గ్యారేజీలో పదహారేళ్లుగా మెకానిక్, ఊరు జగిత్యాల దగ్గర. కబురు చెప్పిన గ్యారేజీ మేనేజరు "నిద్రలోనే పోయాడు భాయ్, సుఖమైన చావు" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఇరవై రోజులు ఊపిరి అందక అవస్థపడ్డ మనిషికి సుఖమేమిటి? ఆయనకేమైందో అడిగిన పాపాన పోయారా ఎవరైనా?

నేను ఆయన దగ్గర పనిచేసినవాణ్ని కాదు. ఇరాక్ మీద యుద్ధం మొదలైన ఏడాది ఇక్కడే ముహర్రక్‌లో ఒక కఫీల్ ఇంటికి, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంటికి, డ్రైవరుగా వచ్చాను. ఆ ఎండాకాలం మా కఫీల్ పాత కారు నా ప్రాణం తీసింది. ఓ అరగంట బాగానే నడిచేది, తర్వాత రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. ఎంత తాళం తిప్పినా స్టార్ట్ అయ్యేది కాదు. కాసేపు వదిలేస్తే మళ్లీ అందుకునేది. ఒక గ్యారేజీవాడు ప్లగ్గులు మార్చాడు, ఇంకొకడు పెట్రోల్ పంపు మార్చాడు. అయినా అదే వరస. చివరికి డ్రైవరుకే నడపడం రాదని తేల్చారు. ఇంకొక్కసారి ఆగితే ఖలాస్, ఊరికి పంపేస్తానన్నాడు కఫీల్.

అప్పుడు మనూరివాళ్లెవరో చెబితే ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. గ్యారేజీ ముందుకొచ్చేసరికి బండి మళ్లీ ఆగిపోయింది. ఆయన బానెట్ ఎత్తలేదు. భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకుని, నన్ను పాత టైరు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు.

"మొదలు నువ్ జెప్పు. బండికి నోరు లేదు, నీకున్నది గద."

ఎప్పుడు ఆగుతుంది, ఎంత దూరం పోయాక, పొద్దున ఎట్లా ఉంటుంది, అన్నీ అడిగారు. ఆఖరికి, "పెట్రోల్ పోసినంక నువ్వేమన్న జేస్తున్నవా?" అన్నారు.

చాయ్ గ్లాసు కింద పెట్టాను. "ఇసుక వోతదని టాంకి మూతికి పాలిథిన్ కవర్ కట్టి, పైనుంచి మూత బిగిస్తున్న ఉస్తాద్."

అదేదో పెద్ద తెలివి అనుకున్నాను. ఆయన లేచి వెళ్లి మూత తిప్పారు. కవరు ఊడదీయగానే టాంకీ బుస్సుమని గాలి పీల్చుకుంది. నాలుగైదుసార్లు తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది.

"కింద పెట్రోల్ కదలాలంటె పైనుంచి గాలి రావాలె బిడ్డా. నువ్ దాని గొంతు పిసికి ఉరుకుమంటున్నవ్," అని నవ్వారు. కఫీల్‌తో మాత్రం మూతలోని రంధ్రం దుమ్ముతో పూడుకుపోయిందని చెప్పారు. నేను ఇంకా ఈ దేశంలో ఉన్నానంటే ఆ మాట చలవే.

తర్వాత శుక్రవారాలు చాలా అక్కడే గడిపాను. బండి రాగానే పానా పట్టుకున్న మెకానిక్ చేతిలోంచి ఆయన పానా లాక్కునేవారు. "సామాన్ మార్చుడు పని గాదు. ఎందుకాగిందో ఎరుక జేసుకునుడు పని," అనేవారు.

అలాంటి మనిషికి ఏం చేశారో చూడండి. కూలీలుండే లేబర్ క్యాంపు మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగాల్సి వస్తోందని చెబితే మేనేజరు తలెత్తలేదు. "ఎండ, అందరికీ అంతే, యల్లా, పనికి పో" అన్నాడు. కంపెనీ పంపిన డాక్టరు గ్యాస్ మాత్రలు రాశాడు. తగ్గలేదంటే వేరే మాత్రలు మార్చాడు. పడుకుంటే ఆయాసం పెరుగుతోందా, కాళ్లు వాస్తున్నాయా, ఒక్క ముక్క అడగలేదు. పదహారేళ్లు ఊరివాళ్ల బండ్ల బాధలన్నీ విన్న మనిషి బాధ వినడానికి ఒక్కడికీ తీరిక లేకపోయింది.

నేనేమైనా తక్కువ తిన్నానా? అంతకుముందు శుక్రవారం ఆయనే ఫోన్ చేశారు.

"మెట్లెక్కుతుంటె నడుమల ఆగుతున్న బిడ్డా."

"వయసైతున్నది గద ఉస్తాద్. జర రెస్ట్ తీస్కో."

"గంతేనంటవా," అని ఆగారు. నేను డ్యూటీ ఉందని పెట్టేశాను. వాళ్లను తిట్టే నోటితోనే నన్నూ తిట్టుకుంటున్నాను.

కాగితాల కోసం శవాగారానికి నేనే వెళ్లాను. బల్ల వెనకాల ఒక ముసలి గుమాస్తా ఫారం ముందు పెట్టుకుని, హిందీలో నెమ్మదిగా అడిగాడు. ఎప్పటినుంచి బాగాలేదు? ఏం బాధ చెప్పేవాడు? పడుకున్నప్పుడా, నడిచినప్పుడా? తొందరేం లేదు, గుర్తు చేసుకుని చెప్పమన్నాడు. పెన్ను కాగితానికి కాస్త పైన ఆపి, నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.