తెల్ల చుక్క దగ్గర తీతువు గుడ్లు

పిట్టల్ని లెక్కపెట్టడానికి ధైర్యం అక్కర్లేదని మా ఇంట్లో వాళ్ల అభిప్రాయం. చాలా ఏళ్లు నేనూ అదే అనుకున్నాను.

దాచేపల్లి దాటి కాస్త దూరం వెళ్తే సున్నపురాయి గుట్టల వెనక ఒక చిట్టడవి ఉంది. చండ్ర, తుమ్మ, బలుసు, కలే పొదలు. అది అడవి అనడానికి ముందున్న బోర్డే గట్టి సాక్ష్యం. అయినా వేసవి చివర నుంచి తొలకరి దాకా పిట్టలు ఆ బోర్డును నమ్మి అక్కడ గూళ్లు కడతాయి. ఏటా ఆ రోజుల్లో మా మాస్టారూ నేనూ వెళ్లి, ఏ పిట్టలు ఎన్ని కూస్తున్నాయో రాసుకొస్తాం. మగపిట్ట ఒకేచోట పట్టుబట్టి కూస్తోందంటే దగ్గర్లో సంసారం ఉన్నట్టే లెక్క. మాస్టారు కాలేజీలో నాకు జంతుశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక కూడా నా మీద ఆశ వదులుకోలేదు. నేను సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో రాతిపొడి పరీక్షిస్తాను. వారమంతా రాళ్లని, సెలవు రోజున వాటి మీద వాలిన పిట్టల్ని చూస్తాను.

పద్ధతి చాలా తేలిక. కొన్ని చెట్లకి మాస్టారు తెల్ల రంగుతో చుక్కలు పెట్టారు. తెల్లవారగానే ఒక్కో చుక్క దగ్గర పది నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా నిలబడి వినాలి. ఏటా అవే చెట్లు, అదే కాలం, అదే వేళ. అప్పుడే పిట్టలు పెరిగాయో తరిగాయో చెప్పగలం. ఒకసారి ముళ్లు గుచ్చుకుంటున్నాయని, రెండడుగులు పక్కకి జరుగుదామా అన్నాను.

"ఈ ఏడు రెండడుగులు. పైఏడు ఇంకో రెండు. అట్టా జరుగుతా జరుగుతా పోయి సత్తెనపల్లి బస్టాండులో ఇడ్లీ తింటా లెక్కపెడదాం. కాకులు బాగా వస్తాయి" అన్నారు.

మళ్లీ అడగలేదు.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. పాముల భయంతో గడ్డిలో కొంగలాగా మోకాళ్లెత్తి నడుస్తారు. వినేటప్పుడు కళ్లు మూసుకుంటారు. లెక్క అయ్యాక ఎదురుగా ఉన్న పిట్టలు బెదరకూడదని వెనక్కి తిరగరు, వెనక్కే నడుచుకుంటూ వచ్చేస్తారు. పిట్ట కూత ఎంత దూరం నుంచైనా మొదటిసారికే వినపడుతుంది గానీ మనిషి మాట వినపడదు. పిలిస్తే "ఆఁ, ఏంటోయ్?" అంటూ పిలిచిన వాళ్ల దగ్గరికే వచ్చేస్తారు.

ఒక్క మాటకి మాత్రం రారు. "గుడ్లు!" అంటే ఆగిపోతారు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలున్న చోట మా ఇద్దరికీ అది ఆజ్ఞ. ఎవరు అరిచినా రెండోవాళ్లు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాలి. గుడ్లు గులకరాళ్ల రంగులో ఉంటాయి మరి. అడుగు వేశాక విచారించి లాభం లేదు.

ఆ ఏడు తొలకరి పడిన కొన్నాళ్లకి వెళ్లాం. చివరి చుక్క ఒక వేపచెట్టు మీద ఉంది. అంతకు ముందు ఏడు ఆ చెట్టు అడవి అంచున ఉండేది. ఈసారి వెళ్లేసరికి అంచు జరిగింది, చెట్టు జరగలేదు. చుట్టూ పొదలు పోయి వేరుశనగ వచ్చింది. దాని వెనక అప్పుడే మొలిచిన పత్తి. ఆ చివర మోటారు గది, దాని మీద వెలుగుతున్న చిన్న బల్బు. అంటే త్రీఫేజు కరెంటు ఉన్నట్టు.

మాస్టారు గట్టు గడ్డిలో మోకాళ్లెత్తుకుంటూ వెళ్లి వేపచెట్టు కింద నిలబడి కళ్లు మూసుకున్నారు. నేను బూటు లేసు కట్టుకుని వెనకే బయల్దేరాను. గట్టు దగ్గర ఒక ముంగిస పడుకుని ఉంది. ముంగిసలు పడుకునే తీరులో కాదు.

ముందు దాని మీసాలు చూశాను, మాడిపోయి ఉన్నాయి. తర్వాత దాని పక్కన గడ్డిలో చిన్న పుల్లకి చుట్టిన సన్నటి ఇనుప తీగ కనపడింది. పిక్క ఎత్తున అటూ ఇటూ గడ్డిలోకి సాగిపోయింది. దాన్ని మాస్టారు కొంగ నడకతో దాటేశారు. తీగకి ఈవల నేను, ఆవల ఆయన.

రాత్రిళ్లు అడవిపందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లున్నారని మా వైపు అందరికీ తెలుసు. అందరికీ తెలుసు గనక ఎవరూ మాట్లాడరు. అప్పుడప్పుడూ జిల్లా పేజీలో చిన్న వార్త వస్తుంది, పందికి బదులు మనిషి పేరుతో.

పిలుద్దామని నోరు తెరిచి మూసేశాను. పిలిస్తే నా వైపు వచ్చేస్తారు. చుట్టూ తిరిగి మోటారు గదికి పరిగెత్తుదామంటే తీగ ఎటు నుంచి ఎటు పోయిందో తెలియదు. నా వెనకా ఒకటి ఉందేమోనన్న ఆలోచన వచ్చాక కాళ్లు నా మాట వినలేదు. పద్ధతి ప్రకారమే నిలబడ్డాను. జీవితంలో అంత నిష్ఠగా ఎప్పుడూ నిలబడలేదు.

పొదల్లో పికిలి పిట్టలు కూశాయి. గువ్వ ఒకటి అదే పనిగా మూలిగింది. ఎన్ని కూశాయని అడిగితే చెప్పలేను. నేను ఆయన మడమల్నే చూస్తున్నాను. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఆ అలికిడికి ఇటు వచ్చేస్తారని.

పది నిమిషాలూ అయ్యాయి. మాస్టారు తృప్తిగా తలాడించారు. వెనక్కి ఒక అడుగు వేశారు. రెండోది వేశారు. మూడోదానికి కాలెత్తారు.

"గుడ్లు! మాస్టారూ, గుడ్లు!"

కాలు గాల్లో ఆగింది. మడమకీ తీగకీ మధ్య జానెడు కూడా లేదు.

"ఎక్కడోయ్?"

"మీ కాలి వెనకే సార్. కాలు ముందుకి దించండి. వెనక్కి మాత్రం వద్దు."

ఆయన దించలేదు. ముందుకైనా వెనక్కైనా దించకపోవడమే మా నియమం.

"ఏం పిట్టవి?"

"తీతువు" అన్నాను. నోటికొచ్చిన పేరు అదే.

"తీతువా? దగ్గర్లో నీళ్లు ఏయి? సరిగ్గా చూశావా?"

అరవై దాటిన మనిషి ఒంటికాలి మీద ఊగుతూ నాతో వాదన పెట్టుకున్నాడు. ఆ ఊగడంలో మడమ తీగ వైపు వస్తోంది, పోతోంది.

"నాలుగున్నాయి సార్! దణ్ణం పెడతాను, ముందుకి దించండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆ అరుపుకి మోటారు గది వెనక నుంచి తలకి తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషి బయటికొచ్చింది.

"ఎవరయ్యా అక్కడ? పొద్దున్నే..." అంటూనే చూసింది. "ఓరి నాయనో! కదలమాకండి! కదలమాకండి సారూ!"

గదిలోకి పరిగెత్తి, ఫీజు పీకి, చేత్తో పైకెత్తి చూపించింది. తెల్లటి పింగాణీ ఫీజు. అంత దూరం నుంచి గుడ్డులాగే ఉంది.

మాస్టారు కాలు దించి వెనక్కి తిరిగి, వంగి, గడ్డిలో గుడ్ల కోసం వెతికారు. నేను తీగ చూపించాను. తర్వాత ముంగిసని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. అక్కడే గట్టు మీద కూర్చున్నారు.

"రోజూ చీకటుండగానే తీసేస్తానండి" అంది ఆమె, రొప్పుతూ. "ఇయ్యాల ఒక్కపూటే లేవటం ఆలీసమైంది."

"ఎవరన్నా చచ్చిపోతారమ్మా" అన్నారు మాస్టారు.

"తెలుసండీ. ఒక్క రాత్రిలో సగం చేను తవ్వేసి పోయినయ్యి. పందులకి మీరు చెబుతారా, మీరు చదువుకున్నోళ్లు?" అని, అంతలోనే మొహం పైటకి అదుముకుని ఏడ్చింది. "ఇంక పెట్టనండి. ఎవురికీ చెప్పమాకండి. జైల్లో ఏస్తారు."

మా ముందే తీగ చుట్టచుట్టింది. ముగ్గురిలో ఎవరమూ ఎవరికీ మంచినీళ్లు అందించే స్థితిలో లేము.

నా బండి దగ్గరికి వచ్చాం. మాస్టారు వెనక ఎక్కి కూర్చున్నాక నా భుజం పట్టుకుని అన్నారు:

"ఏమోయ్, ఇంకోసారి నువ్వు గుడ్లంటే నమ్మను."

నవ్వాను. దారి పొడుగునా ఆ మాటే భయపెట్టింది. ఆయన్ని ఆపడానికి నా దగ్గరున్నది ఆ ఒక్క మాట. అది వాడేశాను.

మరుసటి ఏడు వేపచెట్టు దగ్గర తీగ లేదు. మిగతా గట్ల సంగతి మాకు తెలియదు. చుక్కలు మాత్రం ఒక్కటీ జరపలేదు. మాస్టారు ఇప్పుడు కళ్లు మూసుకోవడం లేదు, వెనక్కి నడవడం లేదు. ఇద్దరం నిలబడి నేల వైపే చూస్తుంటాం. అప్పట్నుంచి మా లెక్కలో పిట్టలు ఏటా తగ్గుతున్నాయి. అడవిలోనే తగ్గాయో, నేల మీది ధ్యాసలో మేం వినక తగ్గాయో మాస్టారికీ అంతుబట్టడం లేదు.