ఎల్లవ్వ కల్దార్ రూపాయి

ఎల్లంతకుంట మంత్రసాని ఎల్లవ్వ బొడ్లో దోపుకున్న గుడ్డసంచిలో ఇంగ్లీషు రాజు తల ఉన్న కల్దార్ రూపాయి ఉంటుంది. ఏ ఇంట పురుడైనా బొడ్డుతాడు దానిమీద పెట్టే కోస్తుంది. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ రూపాయి నడిచిన రోజుల్లోనూ అంతే. కల్దార్‌లో వెండి ఎక్కువని ఆమె నమ్మకం. అరవైతొమ్మిది ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో, పెళ్ళానికి నొప్పులని తెలిసి ఊరేగింపు నుంచి పరుగెత్తుకొచ్చిన కనకయ్య తలుపు బయటే నిలబడి అరిచాడు: "అవ్వా, కల్దార్ ఆంధ్ర దిక్కు నడిచిన పైస! నా పోరనికి మన చార్మినార్ బిళ్ళ మీద కొయ్యి!" లోపల ఎల్లవ్వ చేతుల్లో పుట్టిన పిల్లాడు ఇంకా ఏడవలేదు. కాళ్ళు పట్టి ఎత్తి, వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. కేర్‌మన్నాడు. బయట కనకయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కల్దార్ మీదే బొడ్డు కోసి, దాన్ని కొంగుకు తుడుస్తూ ఎల్లవ్వ అడిగింది: "ఇప్పుడు చెప్పు కొడుకా, గీ ఏడుపు హాలీదా, కల్దార్‌దా?"