బొంతకాకి పాఠం

ఆ రోజుల్లో తెలిసిన విషయాన్ని కాసేపు కడుపులో దాచుకోవడం నాకు చేతనయ్యేది కాదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరి అప్పటికి మూడు నెలలు. బస్సులో పక్కవాడు సాలీడును పురుగంటే సరిదిద్దకుండా దిగేవాణ్ణి కాదు (నా స్టాపు దాటిపోయినా సరే). ఆ తెలివితో మా ఇంటికి నేను చేసిన చేటు తలచుకుంటే ముందు నవ్వొస్తుంది. ఆ వెంటనే ఏడుపొస్తుంది.

గురజాల దగ్గర మా ఊళ్లో నాయనమ్మ పెద్దకర్మ జరుగుతోంది. సాగర్ కాలువ ఒడ్డున పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. గంట గడిచినా ఒక్క కాకీ రాలేదు. ఎవరికి తోచిన మాట వాళ్లు నాయనమ్మకి ఇవ్వసాగారు. ఆమె చూస్తూ చూస్తూ వదిలేసి పోయిన టీవీ సీరియల్‌ని తాను చివరిదాకా చూసి, ఫొటో ముందు కూర్చుని కథంతా చెబుతానని పిన్ని మొక్కుకుంది. దానికీ కాకి రాలేదు. "ఆమె కోరికేందో మీ ఇద్దరికీ తెలవదంట్రా?" అని మేనత్త నాన్ననీ పెదనాన్ననీ కసిరింది. తెలియకేం? పొలం గట్టు తగాదాతో పెదనాన్నకీ నాన్నకీ ఆరేళ్లుగా మాటల్లేవు. వాళ్లను కలపమని అందరినీ అడిగి అడిగి పోయింది నాయనమ్మ.

నాన్నే ముందు నోరు విప్పాడు. "అన్నయ్యా, ఆ గట్టు నువ్వే ఉంచుకో. మాట్టాడుకుందాం" అన్నాడు. పెదనాన్న పిండం వైపు తిరిగాడు. "అమ్మా, ఇంక మేం ఒకటేనే" అన్నాడు. అన్నాడో లేదో, తుమ్మచెట్టు మీంచి ఒక కాకి దిగి పిండం మీద ముక్కు పెట్టింది. ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. నాన్నా పెదనాన్నా ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. నేను కూడా అందరిలా ఏడిస్తే సరిపోయేది.

"అది ఊరకాకి కాదు, బొంతకాకి" అన్నాను.

"ఏందిరా?" అన్నాడు పెదనాన్న.

"స్పీసీస్ వేరు పెదనాన్నా. ఊరకాకికి మెడ బూడిదరంగులో ఉంటది. ఇది నిలువెల్లా నలుపు. ముక్కు చూడు ఎంత లావుందో. అరుపు కూడా బొంగురు."

"ఏదైనా కాకే నాయనా" అన్నారు పంతులుగారు. "అట్టా ఎట్టా అవుద్ది పంతులుగారూ?" అన్నాను (నాకు క్లాసులో కూడా ఇంత ధాటిగా గొంతు పెగిలేది కాదు). రెండూ కాకుల్లోనే దగ్గరి చుట్టాలన్నది పాఠంలో తర్వాతి వాక్యం. అది నోటి దాకా రాకముందే పెదనాన్న కండువా విసిరి దాన్ని తోలేశాడు. "అసలుది రానీ" అన్నాడు. రెండు గంటలు ఎండలో మాడిపోయాం. అసలుదీ రాలేదు, తోలేసిందీ తిరిగి రాలేదు. చివరికి పిండం కాలువలో కలిపారు.

"అమ్మ ఒప్పుకోలా. వాడు పైపైన అన్నాడని ఆమెకి తెలిసిపోయింది" అని పెదనాన్న బండెక్కి వెళ్లిపోయాడు. "మనసులోంచే అన్నానురా" అన్నాడు నాన్న నాతో, అన్నకి చెప్పాల్సిన మాట. ఆ తర్వాత టెక్స్టుబుక్కు పట్టుకుని పెదనాన్న ఇంటికి మూడుసార్లు వెళ్లాను, నోటి దాకా రాని ఆ వాక్యం చూపిద్దామని. "ఆ రోజు నువ్వు చెప్పింది కూడా ఇందులోదే గదరా" అని పుస్తకం మూసి చేతికిచ్చాడు. నాలుగేళ్లకి ఆయనా పోయాడు. ఆ అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోనేలేదు.

ఇప్పుడు నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. చూపు బాగా మందగించింది. మొన్న నాయనమ్మ తద్దినం నాడు మేడ మీద ముద్ద పెట్టి నిలబడ్డాం. పిట్టగోడ మీద రెక్కల చప్పుడైంది.

"మెడ బూడిదరంగులో ఉందారా?" అన్నాడు. ఇన్నేళ్లలో నా పాఠం ఇంతగా గుర్తుపెట్టుకున్న విద్యార్థి ఇంకొకరు లేరు. వాలింది మాత్రం నిలువెల్లా నలుపు.

"ఉంది నాన్నా" అన్నాను.

అది ముద్ద మింగి అరిచింది. నాన్న మొహం చిన్నబోయింది. "గొంతు బొంగురుగా ఉందేందిరా?"

"జలుబు చేసినట్టుంది నాన్నా."

నాన్న తేలిగ్గా ఊపిరి వదిలి చేతులు జోడించాడు. ఆనాడు కాలువ ఒడ్డున నాకు ఈ మాత్రం జువాలజీ వచ్చి ఉంటే ఎంత బాగుండేది.