మింగొద్దు, ఉమ్మెయ్యాలె

పెళ్లయిన ఏడాదికి నా భార్యకు మూడో నెల. ఆమెది జిమల్‌గట్ట దగ్గరి అడవి పల్లె. ఇంట్లో గోండి మాట్లాడుతూ పెరిగింది, బడిలో మరాఠీ నేర్చుకుంది. మేమిద్దరం మరాఠీలోనే మాట్లాడుకునేవాళ్లం. మా ఊరు అంకిసలో మాతో ఉండే మా అమ్మకేమో తెలుగు తప్ప ఇంకోటి రాదు. నేను సిరోంచలో ఆఫీసుకు పోతే, అత్తాకోడళ్లు పొద్దంతా సైగలతో గడిపేవారు. వాళ్ల మధ్య కోపం లేదు, దగ్గరితనమూ లేదు.

అంతలో వాంతులు మొదలయ్యాయి, రోజుకు నాలుగైదు సార్లు. రెండో వారానికి ఆమె గొంతు పుండులా అయింది. గంజి కూడా మింగలేక గిన్నె పక్కన పెట్టేసేది. గొంతుకు మంచిదని అమ్మ మిరియాల కషాయం కాచి తెచ్చింది. ఒక్క గుక్కకే నా భార్య కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

అమ్మ బెదిరిపోయింది. "అయ్యో బిడ్డా, మంచిగైతదనే ఇచ్చిన."

"అత్తమ్మను బాధపడొద్దని చెప్పు," అంది నా భార్య నాతో, బొంగురు గొంతుతో, మరాఠీలో.

మర్నాడు ముగ్గురం బస్సెక్కి సిరోంచ ఆసుపత్రికి వెళ్లాం. వాంతిలో రక్తం పడుతోందా, మూత్రం సరిగా వస్తోందా, తాగిన నీళ్లయినా నిలుస్తున్నాయా అని డాక్టరు అడిగారు. వాంతులు తగ్గడానికి మాత్రలు, గొంతు మంటకు ఒక మందు రాసి, వాడే పద్ధతి నర్సును అడగమన్నారు. నర్సుకు తెలుగూ మరాఠీ రెండూ వచ్చు. మామూలుగా కడుపు మంటకు తాగే గులాబీ రంగు సిరప్ సీసా తీసి చూపించింది.

"వాంతి అయినంక ముందుగాల ఉత్త నీళ్లతోని నోరు కడుక్కోవాలె. తర్వాత ఇది ఒక చెంచా సగం గ్లాసు నీళ్లల్ల కలిపి, తల జర వెనుకకు వంచి గొంతుల పుక్కిలియ్యాలె. మింగొద్దు, ఉమ్మెయ్యాలె."

"మింగితే ఏమైతది? అందరు తాగే మందే గద?" అని అమ్మ అడిగింది.

"ఈమె ఐరన్ గోలీలు వేసుకుంటున్నది గద అమ్మా. ఇది మింగితే అవి ఒంటికి సరిగ్గ పట్టవు. తాగుడైతే డాక్టరును అడిగినంకనే."

"మరి తినే సోడ కలపాల్నా?"

"మీ అంతట మీరు ఏం కలపకుండ్రి. వాంతి కాంగనే బ్రష్ గూడ వెయ్యొద్దు, అరగంట ఆగాలె. లేకుంటె వాంతిల పులుపుకు పండ్లు అరుగుతయి. రక్తం పడ్డా, నీళ్లు నిలవకున్నా ఎంటనే తీస్కరాండ్రి."

అదంతా నా భార్యకు మరాఠీలో మళ్లీ చెప్పింది.

ఇంటికొచ్చాక గ్లాసు చేతిలో పట్టుకుని నా భార్య వెనకాడింది. మందు ఎక్కడ లోపలికి జారిపోతుందోనని భయం. అమ్మ ఇంకో గ్లాసులో మంచినీళ్లు తెచ్చుకుంది. తల వెనక్కి వంచి గుడగుడమంటూ పుక్కిలించి చూపించడం మొదలుపెట్టింది. మధ్యలో నవ్వొచ్చి పొలమారింది, సగం నీళ్లు చీర మీద, సగం కడుపులోకి.

"అగో, నేనే మింగితి!"

నా భార్య పగలబడి నవ్వింది. ఎన్ని రోజులకో ఆమె నవ్వు విన్నాను. తర్వాత తనూ పుక్కిలించి, పెరట్లో ఉమ్మి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడింది.

"మంట... తక్కువ," అంది అమ్మతో, తెలుగులో.

నేను మధ్యలో చెప్పాల్సిన పని లేకపోయింది. అమ్మ గబగబా వెళ్లి గోరువెచ్చని గంజి తెచ్చింది. నా భార్య మెల్లమెల్లగా గిన్నెడు తాగింది.

ఆ మందుతో వాంతులేమీ ఆగలేదు. గొంతు కాసేపు నెమ్మదించేది, ఆ కాసేపట్లో ఇంత తిండి లోపలికి పోయేది. మాత్రలు పని చేయడానికి ఇంకో వారం పట్టింది. ఐదో నెలకు వాంతులు పూర్తిగా పోయాయి.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. అమ్మ తన గొంతు మీద వేలు పెట్టి, "దీన్ని మీ గోండిల ఏమంటరు?" అని అడుగుతోంది. నా భార్య చెప్పింది. అమ్మ తప్పుగా పలికింది. నా భార్య మళ్లీ చెప్పింది.